మిగతా సగం వాళ్లే అంటారు

హేమ బడి నుంచి ఇంటికొచ్చేసరికి వరండాలో కుర్చీ మీద రెండు బట్టలు మడతపెట్టి ఉన్నాయి. ఒకటి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, మర్నాటి ఇంటర్వ్యూకి. రెండోది పార్టీ కండువా, వచ్చే వారం ర్యాలీకి. రెండింటినీ ఒకే శ్రద్ధతో మడతపెట్టిన మహానుభావుడు ఆమె తమ్ముడు ప్రవీణ్ కుమార్.

ఎమ్మెస్సీ చదివాడు, బీఈడీ చేశాడు, ఇరవై ఆరేళ్లొచ్చాయి. అమలాపురంలో కానీ కొత్తపేటలో కానీ ర్యాలీ ఉందంటే చాలు, వీడికి తిండి సహించదు. జెండా పట్టుకుని వెనకాల నడిచే రకం కూడా కాదు. జీపు ముందు నిలబడి, మైకు పుచ్చుకుని, నినాదంలో మొదటి సగం అనే రకం. మిగతా సగం జనం అంటారు. సోమేశ్వరరావు గారనే నాయకుడు వీడి గొంతు లేకుండా ఊరేగింపు కదలనివ్వడు.

ఇప్పుడు దానికి తోడు మాల్దీవులొకటి. అక్కడి బళ్లలో మన సైన్సు టీచర్లని తీసుకుంటున్నారని ఎవరో చెప్పారు. అంతే, ఆ పూట నుంచి ఇంట్లో అదే పాట.

"మాల్దీవులంటే ఏముందక్కా, మన దిండి లాంటిదే. చుట్టూ నీళ్లు, కొబ్బరిచెట్లు," అన్నాడు.

"అయితే దిండికే పోరాదూ? రాజోలు నుంచి ఆటోలో పోవచ్చు. విమానం దేనికి?"

ఎకసెక్కానికి అన్నదే గానీ, వాడు వెళ్లాలని ఆమె ప్రాణం కొట్టుకుంటోంది. వెళ్లకపోతే వాడేమవుతాడో ఆమెకి తెలుసు. సెంటర్లో మధుబాబు ఉన్నాడు కదా. జుట్టు సగం నెరిసింది, ఇప్పటికీ ఫ్లెక్సీల్లో యువజన నాయకుడే. జెండాలు కట్టడం తప్ప వేరే పని చేతకాకుండా పోయింది పాపం. లేదంటే తనలాగే ప్రైవేటు బడిలో చేరి, సాయంత్రానికి గొంతు మండి, మజ్జిగ కూడా మింగలేక కూర్చుంటాడు. ఆ రెండూ వద్దు. వీడొక్కడైనా మనిషిలా పాఠం చెప్పుకుని బతకాలి. ఆదివారం ఆదివారం చర్చిలో హేమ మోకరించి అడిగేది అదొక్కటే.

ఇంటర్వ్యూ అంటే ప్రశ్నలడిగి వదిలెయ్యరట. పిల్లల్ని కూర్చోబెట్టి పాఠం చెప్పి చూపించాలి, అక్కడి ప్రిన్సిపాల్ ఫోనులో చూస్తుందిట. శనివారం పొద్దున్నే హేమ తన ట్యూషన్ పిల్లల్ని తలలు దువ్వించి వరండాలో కూర్చోబెట్టింది. ఫోనుని బియ్యం డబ్బాకి ఆనించింది. ప్రవీణ్ తెల్ల చొక్కా వేసుకుని బోర్డు దగ్గర నిలబడ్డాడు.

నిలబడడమేమిటి, విజృంభించాడు. మొక్కలు ఆహారం తయారుచేసుకోవడం పాఠం.

"మొక్కకి వంటగది?" అన్నాడు ఇంగ్లీషులో, చెయ్యెత్తి.

"ఆకు సార్!" అన్నారు పిల్లలు.

"ఆకులో ఉన్న పచ్చదనం?"

"క్లోరోఫిల్ సార్!"

వరండా రేకులు అదిరాయి. పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగిచూశారు. హేమకి సంతోషమేసింది. ఇక విమానం ఎక్కేసినట్టే అనుకుంది.

ప్రిన్సిపాల్ కళ్లజోడు పెట్టుకున్న పెద్దావిడ. నవ్వింది. పిల్లల్ని నేనొకటి అడగవచ్చా అని ఇంగ్లీషులో నెమ్మదిగా అంది. "మీ పెరట్లో కొబ్బరిచెట్టు రాత్రి కూడా ఆహారం తయారుచేస్తుందా?"

"యెస్ మేడమ్!" అన్నారు అందరూ.

"లేకపోతే రాత్రి మానేస్తుందా?"

"యెస్ మేడమ్!" అన్నారు, ఇంకాస్త గట్టిగా.

పెద్దావిడ ఏమీ కోప్పడలేదు. "మీ పిల్లలు చాలా చక్కగా పలుకుతున్నారు ప్రవీణ్. కానీ వాళ్లకేం తెలుసో నాకు తెలియలేదు, మీకూ తెలియలేదు. వచ్చే శనివారం ఇంకోసారి చూద్దాం," అని ఫోను పెట్టేసింది.

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎందుకు కొట్టారో వాళ్లకే తెలియదు.

"ఆవిడకేం తెలుసక్కా మన పిల్లల సంగతి," అన్నాడు ప్రవీణ్ చొక్కా గుండీలు విప్పుకుంటూ. "నువ్వు చెప్పేదీ ఇలాగే కదా. చిన్నప్పుడు నీ ట్యూషన్‌లో నేను నేర్చుకుందే ఇది. అసలు ర్యాలీలో నాకు పనికొచ్చింది కూడా అదే. సగం మనం అంటే, మిగతా సగం వాళ్లే అంటారు."

"నోర్ముయ్యరా. నీ గొంతు చించుకునే యవ్వారానికీ నా పాఠానికీ పోలికేంటి?" అని హేమ లోపలికి పోయింది. అన్నం వడ్డించింది గానీ తాను తినలేదు. ఒళ్లు మండిపోయింది ఆమెకి.

వారం మధ్యలో సోమేశ్వరరావు గారు పార్టీ మారారు. ఆయనకి ఇది కొత్తేమీ కాదు, జనానికీ కొత్త కాదు. గొడుగు గుర్తు వదిలేసి నిచ్చెన గుర్తులోకి వెళ్లారు. రాజోలు సెంటర్లో ర్యాలీ. గొంతు పాడవుతుంది, శనివారం పాఠముంది, వెళ్లకురా అని హేమ బతిమాలింది. "ఈ ఒక్కసారికే అక్కా," అని వెళ్లాడు. వాడి ఒక్కసార్లు ఎన్నో ఆమె ఎప్పుడో మరిచిపోయింది.

సాయంత్రం బడి బస్సు ఆ ర్యాలీలోనే చిక్కుకుంది. హేమ కిటికీ పక్క సీట్లో కూలబడి చూసింది. జీపు మీద నాయకుడు చేతులు జోడించి ఉన్నాడు. కింద ప్రవీణ్, మెడలో కొత్త కండువా, మొహం వెలిగిపోతోంది.

"మన గుర్తు?" అన్నాడు మైకులో.

"గొడుగు!" అన్నారు జనమంతా.

బస్సులో డ్రైవరు ఫక్కున నవ్వాడు. జీపు మీద పెద్దమనిషి మొహం నల్లబడింది. ప్రవీణ్ కంగారుపడి, "నిచ్చెన! మన గుర్తు?" అన్నాడు. "నిచ్చెన!" అన్నారు వాళ్లు, అంతే ఉత్సాహంగా, ఏమీ జరగనట్టే.

మజ్జిగ ప్యాకెట్ల సంచీ మోస్తూ ఒక కుర్రాడు కిటికీ దగ్గరికొచ్చాడు. దుర్గేష్. కాట్రేనికోన వైపు చేపల వేటకి పోయేవాళ్ల అబ్బాయి, రాజోల్లో మేనమామ ఇంట ఉండి హేమ దగ్గరే పదో తరగతి దాకా చదివాడు.

"టీచర్‌గారండీ, బాగున్నారా అండీ? మజ్జిగ తాగండి."

"వద్దులేరా. మీ నాయకుడు గారు పార్టీ ఎందుకు మారేరురా?"

దుర్గేష్ తల గోక్కున్నాడు. "తెలీదండీ. ప్రవీణన్న సగం అంటాడండీ, మిగతాది మేం అనేస్తామండీ. బళ్లో మీరు చెప్పినట్టే కదండీ, అలవాటే మాకు," అని నవ్వాడు. వాడి మనసులో ఏ కల్మషమూ లేదు. టీచర్‌ని మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు.

హేమ కిటికీలోంచి తల బయటికి పెట్టింది. ఆ గుంపులో మొహాలు ఒక్కొక్కటే చూసింది. సగం మంది ఆమె పిల్లలే. వెనక బెంచీ వాళ్లు, ముందు బెంచీ వాళ్లు, అందరూ నోళ్లు తెరుచుకుని, వాడు మొదటి సగం ఎప్పుడంటాడా అని చూస్తున్నారు. సిగ్గేసింది ఆమెకి. అంతకంటే అలసటేసింది. ఇన్నేళ్లు గొంతు మండించుకున్నది ఇందుకా అనుకుంది.

శనివారానికి ప్రవీణ్ గొంతు పూడుకుపోయింది. వేడినీళ్లు తాగించి, ఉప్పునీళ్లు పుక్కిలింపించి హేమ ఒకటే చెప్పింది. "ఒకటి అడుగు. అడిగి ఊరుకో. ఎంతసేపైనా ఊరుకో."

"ఎవరూ పలక్కపోతేనో?"

"పలక్కపోనీ. నువ్వు మాత్రం అందించకు."

మళ్లీ బియ్యం డబ్బా, మళ్లీ ఫోను, మళ్లీ పెద్దావిడ. ప్రవీణ్ బొంగురు గొంతుతో ఆ కొబ్బరిచెట్టు ప్రశ్నే అడిగాడు. అడిగి నిలబడ్డాడు.

వరండా నిశ్శబ్దమైపోయింది. పిల్లలు వాడి మొహం చూశారు, లాభం లేకపోయింది. తలలు తిప్పి, ఫోను వెనక నిలబడ్డ హేమ వైపు చూశారు. ఆమె మొదటి సగం అందిస్తుందని వాళ్ల ఆశ. హేమ పెదాలు కదలబోయాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఉద్యోగం పోతోంది, తమ్ముడు పోయి మధుబాబు పక్కన నిలబడతాడు, ఒక్క మాట అందిస్తే ఏంపోయింది అని ప్రాణం గిలగిల్లాడింది. అయినా అందించలేదు.

చివరికి చిన్ని లేచింది. బక్కపిల్ల, బళ్లోనూ హేమ క్లాసే, ఎప్పుడూ అందరి గొంతులోనూ గొంతు కలిపేదే. "నాకు తెలీదండీ," అంది తెలుగులో. కాసేపాగి, "రాత్రి ఎండుండదు కదండీ. మరి దేంతో వండుకుంటుంది?" అంది.

ఆ పిల్ల ఏమందని పెద్దావిడ అడిగింది. ప్రవీణ్ ఇంగ్లీషులో చెప్పాడు. ఆవిడ కళ్లజోడు తీసి చాలాసేపు నవ్వింది. ఉద్యోగం వచ్చింది.

బయల్దేరేటప్పుడు కండువాలు రెండూ వదిలేసి వెళ్లాడు. అక్కడా ర్యాలీలుంటాయేమో చూస్తానక్కా అని వెళ్తూ వెళ్తూ కూడా అన్నాడు, చచ్చినోడు. హేమ ఆ కండువాల్ని చింపి బోర్డు తుడిచే గుడ్డలు చేసింది.

ఆ తర్వాతి సోమవారం బళ్లో హేమ పాఠం మొదలుపెట్టింది. ఒక ప్రశ్న అడిగి ఊరుకుంది. అంతమంది పిల్లలూ బిక్కమొహాలు వేశారు. వసారాలో కరస్పాండెంట్ కుమారస్వామి గారి బూట్ల చప్పుడు వినిపించింది. క్లాసులోంచి అరుపులు రోడ్డు దాకా వినపడాలని ఆయన నియమం. అప్పుడే తల్లిదండ్రులకి నమ్మకం.

"ఏంటండీ హేమగారూ, క్లాసు నిద్రపోతుందేంటి?" అన్నాడు తలుపులోంచి తల లోపలికి పెట్టి.

"ఆయ్ లేదండీ," అంది హేమ. ఓపిక లేదు ఆమెకి, పోట్లాడే వయసూ దాటిపోయింది. బోర్డు వైపు తిరిగి మొదటి సగం అంది. హమ్మయ్యా అన్నట్టు పిల్లలందరూ మిగతా సగం అరిచారు. కిటికీలు మోగాయి. కుమారస్వామి గారు తలాడించి కదిలారు.

"అర్థమైందా?"

"ఆయ్ అండీ!" అన్నారందరూ.

ముందు బెంచీలో చిన్ని ఒక్కతే నోరు తెరవలేదు. వేలెత్తి లేచి నిలబడింది. "నాకు అర్థం కాలేదండీ."

"కూర్చో," అంది హేమ. ఎన్నో ఏళ్లుగా నోటికొచ్చిన మాట, అదే వచ్చేసింది.

చిన్ని కూర్చుంది. తల వంచుకుని పుస్తకం మూసేసింది. హేమ చూసింది. సుద్దముక్క బల్ల మీద పెట్టేసి కుర్చీలో కూలబడింది.

"కాదమ్మా, లే. ఏది అర్థం కాలేదో చెప్పు."

క్లాసంతా చప్పబడిపోయింది. వసారాలో బూట్ల చప్పుడు ఆగి, వెనక్కి రావడం మొదలైంది. హేమ అటు చూడలేదు. చిన్ని నోటివంకే చూస్తూ కూర్చుంది.