శుక్రవారం కాఫీ బండి

కాఫీ మిషను ఆవిరి గొట్టం ఉన్నట్టుండి పక్కకు తిరిగి టామ్సిన్ ముంజేతి మీద బుస్సుమంది. పాలచెంబు చేజారి కింద పడింది. వరుసలో నిలబడ్డ టీచర్లు బూట్ల మీద పాలు చిందకుండా ఒక అడుగు వెనక్కి వేశారు.

"మిస్!" అంది టామ్సిన్. గట్టిగా అరవలేదు. చెయ్యి గాల్లో ఎత్తిపట్టుకుని, అది ఇంకెవరిదో అయినట్టు చూస్తూ నిలబడింది.

డొరెల్ ఆ చేతిని లాక్కుపోయి గోడ పక్కనున్న కుళాయి కింద పెట్టింది. ఆగస్టంటే అక్కడ చలికాలం; నీళ్ళు చేతివేళ్ళు కొంకర్లు పోయేంత చల్లగా ఉన్నాయి. మణికట్టు పైన అరచెయ్యంత మేర ఎర్రగా కమిలింది.

"కదిలించకు తల్లీ. నీళ్ళ కిందే ఉంచు."

"మండుతోంది."

"మండుద్ది. ఉంచు."

"సార్ కాఫీ ఇంకా ఇవ్వలేదు మిస్."

"తాగకపోతే సారేం చచ్చిపోడు."

వరుసలో ముందున్న సైన్సు మాస్టారు నవ్వాడు. "నిజమే, బతికే ఉంటాను. నువ్వు గట్టిపిల్లవి టామ్సిన్. మరి నా కాఫీలో ప్రతివారం వేసే ప్రేమ ఎవరు వేస్తారిప్పుడు?"

"ప్రేమకి ఇంకో యాభై సెంట్లు సార్," అంది టామ్సిన్ కన్నీళ్ళు తుడుచుకోకుండానే. అందరూ నవ్వారు. మాస్టారు తన రెండు డాలర్లు డబ్బాలో వేసి, కాఫీ లేకుండానే వెళ్ళిపోయాడు. మంచివాడు. ఈ స్కూల్లో అందరూ మంచివాళ్ళే. ఆ మంచితనమే ఈమధ్య డొరెల్‌కి మింగుడుపడటం లేదు.

కురాబిన్ పొలాలూ గొర్రెలూ తప్ప వేరే ఆధారం లేని ఊరు. ఆ ఊరి హైస్కూల్లో, చదువుకి అదనపు సాయం కావలసిన పిల్లల తరగతిలో డొరెల్ సహాయకురాలు. గంటకింత అని కూలి; సెలవుల్లో ఆ కూలి కూడా లేదు. కాఫీ బండి ఆలోచన ఆమెదే. ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు టామ్సిన్ కొత్తవాళ్ళ ముందు నోరు విప్పేది కాదు. పిల్లల చేత నలుగురితో మాట్లాడించాలని డొరెల్ ఒక పాత ఐస్‌క్రీమ్ బండి సంపాదించింది. ఆమె భర్త రాన్, అప్పటికింకా నడుము పోలేదు, దానికి చక్రాలు వెల్డింగ్ చేసి పెట్టాడు. ప్రతి శుక్రవారం ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కాఫీ. నాలుగు నెలలు తిరక్కుండానే టామ్సిన్ ప్రిన్సిపాల్‌తో కూడా బేరమాడడం మొదలుపెట్టింది. పేపర్లో ఫోటో వచ్చింది.

అక్కడితో ఆగాల్సింది. ఆగలేదు. తొమ్మిదో తరగతిలో మిగతా పిల్లలు వడ్రంగమో, వెల్డింగో, వ్యవసాయమో ఎంచుకుంటుంటే ఈ తరగతికి మళ్ళీ బండే వచ్చింది. ఇప్పుడు పదిలోనూ బండే. ఏడాది చివర వంటింటి శుభ్రత నేర్చుకున్నారని అదే సర్టిఫికెట్టు, తేదీ మార్చి. కాఫీ డబ్బుతో టీచర్ల గదికి కొత్త ఫ్రిజ్ కొన్నారు. పిల్లలకి దక్కేదాన్ని అనుభవం అంటారు. ఆ అనుభవం గడించినవాళ్ళు స్కూలు దాటాక హైవే పక్కన ఇలాంటివాళ్ళ కోసమే పెట్టిన వర్క్‌షాపుకి వెళ్తారు. అక్కడ బట్టల క్లిప్పులు సంచుల్లో నింపితే గంటకి నాలుగు డాలర్లు. చలికాలం హీటర్లుంటాయని అందరూ మెచ్చుకునే చోటది.

టామ్సిన్‌కి గొర్రెల షెడ్డు కావాలి. పదకొండో తరగతిలో వ్యవసాయం తీసుకున్నవాళ్ళని బెవన్ మాస్టారు వారానికోసారి ఉన్ని కత్తిరించే షెడ్డుకి తీసుకెళ్తాడు. కోర్సు పూర్తిచేసినవాళ్ళు ఉన్ని కత్తిరించే ముఠాల్లో కూలీలుగా చేరి ఒక్కరోజులో రెండొందల యాభై డాలర్ల పైన తెచ్చుకుంటున్నారు. టామ్సిన్ చదవడం బహు నెమ్మది. మూడు పనులు ఒక్కసారి చెబితే మధ్యది మరిచిపోతుంది. ఒక్కొక్కటే చెబితే చేస్తుంది. కొన్నిసార్లు అదీ రెండోసారి చెప్పాలి.

గాజుగుడ్డ కట్టడం పూర్తయ్యేసరికి డిప్యూటీ ప్రిన్సిపాల్ హాల్‌క్రో దగ్గర్నుంచి కబురొచ్చింది.

"చెయ్యెలా ఉంది పాపం?"

"బొబ్బలెక్కుతోంది మేడమ్. ఆఫీసులో ప్రమాదాల పుస్తకంలో రాయించాలి."

"రాయిద్దాం, రాయిద్దాం. పదకొండో తరగతి సంగతి మాట్లాడటానికి మధ్యాహ్నం వాళ్ళ నాన్న వస్తున్నాడుగా, ముందు అది కానీ. అన్నీ ఒక్కరోజే నెత్తినేసుకోవడం దేనికి?" హాల్‌క్రో గొంతు ఎప్పుడూ పెరగదు. "ఆ పిల్ల నీ మాట వింటుంది డొరెల్. షెడ్డులో కత్తులు తిరుగుతుంటాయి, మగాళ్ళ నోళ్ళు మంచివి కావు. నువ్వు నాలుగు మాటలు నచ్చజెబితే..."

"బెవన్ మాస్టారు తీసుకుంటానంటున్నాడు కదా?"

"పక్కనొక మనిషుంటే తీసుకుంటాడు. ఆ మనిషికిచ్చే జీతం గంటలు మీ తరగతికే వస్తాయి, వ్యవసాయానికి రావు." ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఇంకోటి కూడా చెప్పాలి. బండి దగ్గర ముగ్గురు పిల్లలుంటేనే నీకు పూర్తి గంటలు. ఇద్దరైతే సగమే. నేను పెట్టిన రూలు కాదమ్మా."

డొరెల్ బయటికొచ్చి గోడకానుకుని నిలబడింది. సగం గంటలంటే ఇంటద్దె కట్టాక మిగిలేది రాన్ మందులకి కూడా చాలదు. కంచె అవతల ఆవచేలలాంటి కనోలా చేలు కళ్ళు జిగేల్మనేంత పసుపుగా విరగబూసి ఉన్నాయి. వాటి కేసి చూడబుద్ధి కాలేదు.

భోజనాల వేళ టామ్సిన్ బల్ల మీద కూర్చుని ఒంటిచేత్తో శాండ్‌విచ్ తింటోంది. డొరెల్ పక్కన కూర్చుంది.

"బండి బాగానే ఉంటుంది కదే నీకు?"

"బాగుంటుంది."

"మరింకేం?"

"నేర్చుకున్నాను కదా మిస్. నేర్చుకున్నాక కూడా ఇంకా నేర్చుకుంటూనే ఉండాలా? ఇంకో పిల్లకి నేర్పండి."

డొరెల్ బల్ల మీద రాలిన రొట్టె తునకలు దులిపింది. "షెడ్డులో బూతులు మాట్లాడతారే పిల్లా."

"మా నాన్న ఇంట్లోనే మాట్లాడతాడు."

డొరెల్‌కి నవ్వొచ్చింది. నవ్వాక, చెప్పమని పంపిన మాటలు చెప్పడం ఇంకా కష్టమైంది. చెప్పకుండానే గంట కొట్టేశారు.

టామ్సిన్ తండ్రి క్లెమ్ షెడ్డు నుంచి నేరుగా వచ్చాడు. పాతికేళ్ళుగా గొర్రెల ఉన్ని కత్తిరిస్తున్న మనిషి. వంగీ వంగీ నిలబడ్డా కాస్త వంగినట్టే ఉంటాడు. ప్యాంటు ఉన్ని జిడ్డుతో మెరుస్తోంది. కుర్చీకి మంచి గుడ్డ వేసి ఉందని కూర్చోకుండా నిలబడ్డాడు. హాల్‌క్రో నెమ్మదిగా, ఓపిగ్గా అంతా చెప్పింది: పదకొండులోనూ బండి, సగం ఏడాది దాటాక వారానికో రోజు వర్క్‌షాపు, బస్సు ఇంటి ముందుకే వస్తుంది.

"ఇన్నాళ్ళూ మీరే చూసుకున్నారు మేడమ్," అన్నాడు క్లెమ్. "కాదని నేనేం అంటాను?"

"నాన్నా, నేను క్లిప్పుల దగ్గరికి వెళ్ళను."

"నువ్వాగు. పెద్దవాళ్ళు మాట్లాడుకుంటున్నారు."

"నా గురించేగా మాట్లాడుకునేది."

క్లెమ్ కూతురి వైపు తిరిగాడు. అప్పుడు కనబడింది గాజుగుడ్డ. "ఆ చేతికేమైంది?"

"కాఫీ," అంది టామ్సిన్.

"ఉదయం చిన్న పొరపాటు జరిగింది," అంది హాల్‌క్రో. "డొరెల్ వెంటనే చూసింది. భయం లేదు."

క్లెమ్ చాలాసేపు ఆ కట్టునే చూశాడు. "షెడ్డులో అయితే ప్రమాదం అన్నారు మీరు," అన్నాడు చివరికి. అందులో కోపం లేదు. అర్థంకాక అడిగినట్టు అడిగాడు.

"అది వేరే రకం ప్రమాదం క్లెమ్." హాల్‌క్రో డొరెల్ వైపు తిరిగింది. "ఇన్నేళ్ళుగా పిల్లని దగ్గరుండి చూస్తున్నది ఈమె. డొరెల్, నువ్వే చెప్పు వీళ్ళకి. షెడ్డు టామ్సిన్‌కి సరిపడదని నువ్వు చెబితే వాళ్ళకీ మనసు కుదుటపడుతుంది."

ముగ్గురూ తన వంకే చూస్తున్నారు. ఒక్క మాట అంటే చాలు. క్లెమ్ దాన్ని కళ్ళకద్దుకుని వెళ్ళిపోతాడు. టామ్సిన్ నాలుగు రోజులు మూతి ముడుచుకుని మళ్ళీ మామూలైపోతుంది. ఆ సంగతి కూడా డొరెల్‌కి తెలుసు.

"నేను చెప్పను," అంది.

"ఏంటి?"

"ఆ మాట నేను చెప్పను మేడమ్. షెడ్డు సరిపడుతుందో లేదో నాకు తెలీదు. మీకూ తెలీదు. మనం పంపితే కదా తెలిసేది. బండి పని మాత్రం అయిపోయింది, అది తెలుసు. అయిపోయి రెండేళ్ళయింది. అయినా నేనే ఇంకా తోయిస్తున్నాను."

"నీ గంటల సంగతి చెప్పాను కదా. ఆలోచించే అంటున్నావా?"

"లేదు. ఆలోచిస్తే అనలేను."

క్లెమ్ టోపీ నలుపుతూ నిలబడి, "మరి పిల్ల పక్కనుండే మనిషిని వ్యవసాయానికివ్వండి మేడమ్," అన్నాడు. ఇవ్వడం కుదరదంది హాల్‌క్రో. "పోనీ, ఎందుకు కుదరదో నాకర్థమయ్యేలా చెప్పండి." వచ్చేవారం మళ్ళీ కూర్చుని మాట్లాడదామందామె. ఈసారి ఆమె గొంతు కొంచెం గట్టిగానే వినిపించింది. డొరెల్‌తో విడిగా మాట్లాడాలని కూడా అంది.

మధ్యాహ్నం గంట మోగింది. కాఫీ వేళ. డొరెల్, టామ్సిన్ కలిసి వరండాలోకి వచ్చారు. బండి దగ్గర మిగతా ఇద్దరు పిల్లలూ కప్పులు సర్ది ఎదురుచూస్తున్నారు. టామ్సిన్ వాళ్ళకి చెయ్యూపింది. ఆగలేదు. బండిని దాటి, నీళ్ళ తొట్టి దాటి, వరండా చివర వ్యవసాయం గదిలోకి వెళ్ళిపోయింది. డొరెల్ వెనకే వెళ్ళి తలుపు దగ్గర ఆగింది. బెవన్ మాస్టారు పాఠం మధ్యలో ఆగి తలుపు దగ్గర డొరెల్‌ని చూశాడు. పిల్లని వెళ్ళమనలేదు. వెనక బల్ల చూపించి, అందరికీ ఇచ్చిన కాగితమే ఆమెకీ ఒకటి ఇచ్చాడు.

తలుపు అద్దంలోంచి డొరెల్‌కి టామ్సిన్ వీపు సగం, కట్టుకట్టిన చెయ్యి, కాగితం కనిపిస్తున్నాయి. పక్కవాళ్ళు అప్పుడే పేజీ తిప్పుతున్నారు. వెనక నుంచి బండి దగ్గరి పిల్లల్లో ఒకరు "మిస్, మిస్," అని పిలుస్తున్నారు. హాల్‌క్రో గది తలుపు తెరుచుకున్న చప్పుడైంది.

టామ్సిన్ తలెత్తి తలుపు వైపు చూసింది. రమ్మని సైగ చెయ్యలేదు. మళ్ళీ కాగితం మీదికి వంగింది. చూపుడువేలు మొదటి మాట మీద పెట్టి, పెదవులు కదుపుతూ, దాన్ని కూడబలుక్కుంటోంది.