రెండు ముళ్ళ సంచి

మహమ్మారి వచ్చిన రెండో నెలకే ఆస్పత్రిలో పసుపు సంచులు అయిపోయాయి. రోగుల మాస్కులు, చేతి తొడుగులు, నెత్తుటి దూది, సూదులు వాటిలో వేస్తేనే కాల్చే బట్టీకి వెళతాయి. "నల్ల సంచుల్లో కుక్కేయండి" అన్నాడు సూపర్‌వైజరు, అదేదో ఉల్లిపాయల మూటన్నట్టు. నల్ల సంచులు వెళ్ళేది ఊరి చెత్త యార్డుకి. అక్కడ వాటిని వట్టి చేతులతో విప్పి ప్లాస్టిక్కు ఏరేది వార్డు ఆయా సొంత చెల్లెలు.

ఆయాకి ఒళ్ళు మండిపోయింది. మండి ఏం లాభం, ఆయా మాట ఎవరికి కావాలి? అందుకే తన జాగ్రత్త తాను పడింది.

"జబ్బు చెత్త ఉన్న సంచికి రెండు ముళ్ళు వేస్తానే. దాని జోలికి పోకు" అని చెల్లికి చెప్పింది. చెల్లి అలాంటి సంచుల్ని విప్పకుండా పక్కన పడేసేది.

పది రోజుల్లో అవి గుట్టయ్యాయి. యార్డు కాంట్రాక్టరు వచ్చి, రెండు ముళ్ళ సంచులు ఎవరూ విప్పట్లేదని సూపర్‌వైజరు మీద ఎగిరాడు. సూపర్‌వైజరు తక్కువ తిన్నాడా? "ఇవాళ్టి నుంచి ప్రతి సంచికీ రెండు ముళ్ళే. వంటగది చెత్తయినా సరే. ఏది ఏదో ఎలా కనిపెడతారో చూస్తా" అన్నాడు.

ఆయా లోలోపల నవ్వుకుంది. వీడి తెలివి తెల్లారినట్టే ఉంది. అన్నిటికీ రెండు ముళ్ళుంటే చెల్లి దేన్నీ ముట్టదు కదా! ఆ కసితో ప్రతి సంచికీ బిగించి బిగించి ముళ్ళు వేసింది. చెల్లికి చెప్పాలని కూడా తోచలేదు.

మూడో రోజు మధ్యాహ్నం చెల్లి ఆస్పత్రి గేటు దగ్గరికి వచ్చింది. చూపుడు వేలికి గుడ్డ పీలిక, దాని మీద నెత్తురు.

"సూది దిగిందక్కా."

"రెండు ముళ్ళ సంచి ముట్టుకోవద్దన్నానా లేదా? చెవుల్లో ఏం పెట్టుకున్నావే?"

"అన్నిటికీ రెండేసి ఉన్నాయి కదా. ఒకటి విప్పితే కూరగాయల తొక్కలు, ఇంకోటి విప్పితే కాగితాలు. జబ్బు తగ్గిపోయిందేమో, నువ్వు ఊరికే అలవాటు కొద్దీ వేస్తున్నావేమో అనుకున్నా."

ఆయా ఒక చేత్తో చెల్లి రెక్క పట్టుకుని, ఇంకో చేత్తో వరండాలోని నల్ల సంచి ఒకటి ఈడ్చుకుంటూ సూపర్‌వైజరు గదిలోకి వెళ్ళింది.

ఆయన ఆ వేలి వంక సరిగా చూడనైనా లేదు. "ఈవిడ మా స్టాఫ్ కాదు. డాక్టర్లు ఖాళీగా లేరు. అయినా ఆ ముళ్ళు వేసిందెవరు? నువ్వా, నేనా?"

ఆయా తన చేతుల వంక చూసుకుంది. వేసింది తనే. ఆ చేతులు విరిచేసుకోవాలనిపించింది.

"నేనే. వేయమన్నది నువ్వు" అంది. ఆరేళ్ళలో ఆయన్ని నువ్వు అనడం అదే మొదలు. సంచిని ఎత్తి ఆయన కాగితాల మీద పడేసింది. "ఇందులో తొక్కలున్నాయో సూదులున్నాయో నాకూ తెలియదు, నీకూ తెలియదు. నా చెల్లికి డాక్టర్ని పిలుస్తావా, దీన్ని విప్పుతావా?"

సూపర్‌వైజరు రెండు చేతులూ వెనక్కి దాచుకుని, డాక్టరు కోసం గట్టిగా కేకేశాడు.