బెలీనస్‌కు బ్రెన్నియస్ ఏమవుతాడు?

ప్రాచీన బ్రిటన్ల రాజులతో దేవిశ్రీకి ఏ పేచీ లేదు. పేచీ అంతా కరీంనగర్ తగవును కెనడాలోని సస్కటూన్ దాకా మోసుకొచ్చిన ఈ ఇద్దరితోనే. పాండురంగ, సాయిచరణ్ అన్నదమ్ముల బిడ్డలు. పొలం పంచుకున్నప్పుడు బోరు పాండురంగ తండ్రి వాటాలో పడింది. అంతే, రెండిళ్ల మధ్య మాటలు బంద్. విమానాల నిండా మనవాళ్లు దిగుతున్న ఆ ఏడాది ఇద్దరూ ఒకే కాలేజీలో తేలారు. ఏమీ తెలియని ప్రొఫెసర్ వాళ్లను దేవిశ్రీతో కలిపి ఒక గ్రూపు చేశాడు.

ఈ బ్రిటన్ గాథల సబ్జెక్టు ఆమెకు ఇప్పటికే ఒకసారి పోయింది. మళ్లీ పోతే కాలేజీ పంపించేస్తుంది, స్టడీ పర్మిట్ కూడా దాంతోపాటే పోతుంది.

ప్రెజెంటేషన్‌లో నటించి చూపమని వాళ్లకు వచ్చిన కథ కూడా అన్నదమ్ముల తగవే. తండ్రి పోయాక అన్న బెలీనస్‌కు కిరీటం, తమ్ముడు బ్రెన్నియస్‌కు ఉత్తరాది దక్కాయి. ఇద్దరూ సేనలతో ఎదురుపడితే తల్లి టొన్‌వెన్నా మధ్యలో నిలబడి ఆపింది.

"తమ్మునికి చలి తప్ప ఏమిచ్చిండ్రు? మంచి భూములన్నీ అన్ననే మింగిండు," అనేవాడు సాయిచరణ్ గోడతో.

"పెద్దోనికి కిరీటం, అది వాళ్ల రివాజు. ఇచ్చిందే ఎక్కువ," అనేవాడు పాండురంగ కిటికీతో.

"ఒరే, అది బ్రిటన్ రా బాబూ! అక్కడ బోర్లు లేవు!" అని దేవిశ్రీ నెత్తి కొట్టుకునేది.

ప్రెజెంటేషన్ రోజు తల్లి వేషంలో ఇద్దరి మధ్యకూ దూసుకెళ్లి, ఒకే కడుపున పుట్టలేదా అని అరిచింది. అందులో నటన తక్కువ, నెల రోజుల కోపం ఎక్కువ. క్లాసంతా చప్పట్లు కొట్టింది. మీరిద్దరూ నిజంగా ఏమవుతారని ప్రొఫెసర్ నవ్వుతూ అడిగాడు.

"హి ఈజ్ మై బ్రదర్, సర్," అన్నాడు సాయిచరణ్. పెదనాన్న కొడుకును పుట్టినప్పటినుంచీ అన్నా అని పిలిచిన నోరది. పంతం గుర్తొచ్చేలోపే మాట జారింది.

ప్రొఫెసర్ నవ్వు ఆగిపోయింది. తోబుట్టువులు ఒకే గ్రూపులో ఉంటే ప్రెజెంటేషన్ చెల్లదని ఆయన మొదటి రోజే చెప్పాడు. సొంత బ్రదరేనా అని పాండురంగను అడిగాడు.

"కజిన్ అని చెప్పరా!" దేవిశ్రీ పళ్లు బిగించి గొణిగింది.

పాండురంగ సాయిచరణ్ వైపు చూశాడు. కెనడా వచ్చాక అతని ముఖం చూడటం అదే మొదలు. "బ్రదరే, సర్," అన్నాడు.

కలవమని బతిమాలినన్నాళ్లూ కలవలేదు. కలవకూడని క్షణం చూసుకుని మరీ కలిశారు! దేవిశ్రీకి ఒళ్లు మండిపోయింది. ముందుకొచ్చి, "నో సర్, జస్ట్ కజిన్స్! వాళ్ల నాన్నలు వేరు, ఇళ్లు వేరు. మావాళ్లు ఊరికే అలా అంటారంతే," అని గడగడా చెప్పేసింది. ప్రొఫెసర్ తల ఊపి మార్కులు వేశాడు. ముగ్గురూ పాసయ్యారు.

బయటికి రాగానే ఇద్దరి మీదా విరుచుకుపడింది. "నా చదువు నట్టేట ముంచేవాళ్లు కదరా! కజిన్ అంటే నోరేమైనా అరిగిపోతుందా?"

సాయిచరణ్ తల దించుకున్నాడు. పాండురంగే మెల్లగా అన్నాడు.

"పొలం పంచుకున్ననాడు మా నాయిన గూడ నీలెక్కనే అన్నడు. వాళ్లు వేరు, మనం వేరు అని."