ఆఖరి ధర చెప్పే గొంతు

కుచ్చిళ్లు ఆరు చాలు, ఏడోది వేస్తే అంచు నలుగుతుంది, ఎదురుగా పరుపు మీద కూర్చున్న, వాడపల్లి నుంచి వచ్చిన సత్తెమ్మ చూపంతా అంచు మీదే ఉంది, అంచు చూసే మనిషి కొని తీరుతుంది, పదకొండేళ్లుగా సూర్యాపేటలో ఈ చీరల దుకాణంలో మల్సూర్ అంచనా తప్పింది తక్కువ, అందుకే ఆవిడ మనవరాలి పెళ్లి చీరని తన ప్యాంటు మీదనే చుట్టుకుని, కొంగు భుజాన వేసుకుని అద్దం వైపు తిరిగాడు, మీసాల మనిషి చీర కట్టి చూపిస్తుంటే కొత్తవాళ్లు కిసుక్కున నవ్వుతారు, నవ్వనీ, నవ్వినవాళ్లు ఇంకో పది చీరలు తీయించుకుంటారు, అద్దంలో వెనకాల కౌంటర్ కనిపించింది, ఓనర్ ఇంద్రజ మేడం కుర్చీ ఖాళీగా ఉంది.

ఖాళీగా ఉందంటే ఇటే వస్తోందన్నమాట, నడుం దగ్గర చర్మం ముందే బిగుసుకుంది, కోదాడ నుంచి వచ్చి ఈ దుకాణం కొన్న ఏడాదిన్నరగా ఆవిడకి అదే సాకు, కుచ్చిళ్లు సరిచేస్తాను ఉండు, మొదటిసారి బొడ్డు దగ్గర వేళ్లు దోపి, ఏం మల్సూరూ, నీ నడుం చూస్తే ఆడవాళ్లమే సిగ్గుపడాలయ్యా అంటే దుకాణమంతా నవ్వింది, తనూ నవ్వాడు, లెక్క తప్పింది ఆ నవ్వు దగ్గరే, బేరంలో ఒకసారి దిగితే మళ్లీ ఎక్కలేమని కొత్తగా చేరినవాళ్లకి రోజూ చెప్పేది తనే కదా, పోయిన మంగళవారం మేడమీద స్టాకు గదిలో గద్వాల చీరల కట్ట దించుతున్నాడు, రెండు చేతులూ కట్ట కింద ఉండగా వెనక నుంచి పట్టుకుంది, మిర్యాలగూడలో కొత్త బ్రాంచి తెరుస్తున్నానుగా, ఇన్‌చార్జిగా నిన్నే పంపుదామనుకుంటున్నా, నువ్వు కూడా నాతో మంచిగా ఉండాలిగా, మెడ మీద ఆవిడ ఊపిరి, కట్ట వదిలితే చీరలు పాడవుతాయి, వదల్లేదు, చీరల్ని కాపాడాడు, తనని కాదు, ఇంటికెళ్లాక పెళ్లాం ఆండాలు తన నడుం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడ్డాడు, ఏమైందయ్యా, నేనేనయ్యా, గట్ల అదిరినవేంది అంది, ఏం లే, ఉక్కపోత అన్నాడు, పక్క సెక్షన్ వినోద్‌కి చెబితే, నీ నసీబ్ మంచిగున్నదన్నా, మమ్మల్నైతే కుక్క సుత సూడదు అని పడీ పడీ నవ్వాడు, మెట్ల పక్క గోడకున్న ఫిర్యాదుల బోర్డు కూడా చదివాడు, వేధింపులకు గురైన మహిళా ఉద్యోగులు సంప్రదించండి, కమిటీ అధ్యక్షురాలు ఇంద్రజ.

సెంటు వాసన వచ్చింది, చెయ్యి కన్నా ముందు, ఏం పెద్దమ్మా, నచ్చిందా అంటూనే కుచ్చిళ్ల మీద నుంచి ఇంద్రజ వేళ్లు పక్కకి, అతని నడుం మీదికి జరిగాయి, సరిగ్గా అప్పుడే సత్తెమ్మ, ఇగో బిడ్డా, ఇంకో రెండొందలు తగ్గియ్యరాదా అంది, రాదమ్మా, అన్నాడు, నవ్వు తీసేసి, అలవాటుగా, సత్తెమ్మ వెంటనే డబ్బు సంచీ ముడి విప్పింది, ఎవరైనా అంతే, నవ్వుతూ రాదంటే వస్తదిలే అనుకుంటారు, నవ్వు తీసి రాదంటే రాదని తెలిసిపోతుంది, ఆ గొంతు విన్నాక మళ్లీ అడిగిన గిరాకీ పదకొండేళ్లలో లేదు, దుకాణం సరుకు కోసం రోజుకి నలభైసార్లు తీసిన గొంతు, తన కోసం ఎన్నిసార్లు, ఒక్కసారి, ఏదీ, ఒక్కసారి కూడా,

చెయ్యి తియ్యండి మేడం, అదే గొంతు, నా ఒంటి మీద చెయ్యి వెయ్యొద్దు, ఇక్కడా వద్దు, స్టాకు గదిలోనూ వద్దు.

చీరలు మడతపెడుతున్న వినోద్ చేతులు ఆగాయి, ఏంటయ్యా, కుచ్చిళ్లు సర్దితే ఇంత రాద్ధాంతమా అని ఇంద్రజ నవ్వింది, ఈసారి ఆ నవ్వుకి ఎవరూ తోడు రాలేదు, కట్టుడు ఆయనకు రాదా ఏంది మేడమూ, మీకెందుకు గంత కష్టం అంది సత్తెమ్మ, నాట్లప్పుడు మా మేస్త్రి గిట్లనే చెయ్యేసి, ఊకె తగిలింది తగిలింది అనేటోడు, తెల్వదా మాకు, ఇంద్రజ మొహం మాడిపోయింది, మిర్యాలగూడ మర్చిపో ఇక అని పళ్లు నూరి కుర్చీ వైపు వెళ్లింది, ఆవిడ చేతులు ఇప్పుడు బిల్లు పుస్తకం మీద ఉన్నాయి, ఉండనీ, మిర్యాలగూడ పోయింది, రేపటికి ఈ ఉద్యోగమూ పోవచ్చు, పోతే పోనీ, వాడపల్లి నుంచి కోదాడ దాకా లోపలికి అడుగు పెడుతూనే మల్సూర్ ఉన్నడా అని అడిగే ఆడవాళ్లున్నారు, వాళ్లు దుకాణం బోర్డు చూసి రావడం లేదు, సాయంత్రం ఆండాలుకి ఉక్కపోత కాదని చెప్పాలి, వినోద్ తలెత్తకుండా, అన్నా, ఆ రోజు నేను నవ్వకుండ ఉండాల్సింది అన్నాడు, మల్సూర్ కొంగు తీసి మెల్లిగా చీర విప్పుతున్నాడు, ఒక్క ముడత కూడా పడలేదు, ఆ గొంతు దుకాణానిదనుకున్నాడు ఇన్నాళ్లూ, అక్కడ పెట్టి ఇంటికి వెళ్లేవాడు, దుకాణానిది కాదు, తనదే.