రొట్టె విరవబోయే వేళ

మా అత్త హోసియత్‌కి కామెర్లంటే భయం లేదు. కామెర్లున్నాయని నలుగురికీ తెలుస్తుందంటేనే భయం. మా మహల్లాలో, అంటే మా పేటలో, ఏ ఇంట్లో కామెర్లున్నా ఆరోగ్యశాఖ వాళ్లు వచ్చి వాకిలీ దొడ్డీ బ్లీచింగ్ చల్లి పోతారు. ఆ వాసన వీధి మొత్తానికి దండోరా వేస్తుంది. ఇక ఆ ఇంట్లో ఎవరూ టీ ముట్టరు. నలుగురూ టీ ముట్టని ఇంటి పిల్లను కోడలిగా ఎవరు చేసుకుంటారు? మా ఆడపడుచు నఫోసత్‌కి రొట్టె విరిచి సంబంధం ఖాయం చేసుకోవడానికి మార్గిలాన్ ఊరి మగపెళ్లివారు శుక్రవారం వస్తున్నారు. సరిగ్గా ఆ వారమే నా కొడుకు బున్యోద్ కళ్లు పసుపు పూసినట్టయ్యాయి.

"పిల్లలన్నాక కామెర్లు రావా? నీ మొగుడికీ వచ్చాయి. చచ్చాడా?" అంది అత్త.

"ఒకసారి డాక్టరుకి చూపిద్దాం అత్తయ్యా."

"చూపించి బ్లీచింగ్ డబ్బాల్ని ఇంటికి పిలుచుకొస్తావా? శుక్రవారం దాటనీ. అంతదాకా నోరు మూసుకో."

వెనక గదిలో వాడికి పరుపేసి, పక్కన బేసిన్లో బతికున్న చేపను వదిలింది. ఈదే చేపను చూస్తూ ఉంటే ఒంట్లో పసుపంతా చేపలోకి పోతుందని మావాళ్ల నమ్మకం. ఏటా ఆకులు రాలే కాలంలో వీధి కాలవ నీళ్లు తాగే పిల్లలకి కామెర్లు వస్తాయి, చాలామందికి వాటంతటవే తగ్గుతాయి. పేరు మాత్రం చేప కొట్టేస్తుంది.

రష్యాలో ఇటుకలు మోస్తున్న నా మొగుడికి ఫోన్ చేశాను. "అమ్మకి తెలియదా? అమ్మ చెప్పినట్టు చెయ్యి" అన్నాడు. ఆయన మాత్రం ఏమంటాడు? మా ఇళ్లలో మొదటి మనవడు నానమ్మ సొత్తు. బున్యోద్ పడుకునేది ఆవిడ పక్కలో, అమ్మా అని పిలిచేది ఆవిడనే. నన్ను మవ్‌జుదా అని పేరు పెట్టి పిలుస్తాడు. కనడం వరకే నా వంతు.

శుక్రవారం పొద్దున చేప చచ్చి తేలింది.

"పోయింది! రోగం చేపతో పాటే పోయింది!" అని అత్త పండగ చేసుకుంది. పలావుకి బియ్యం నానబోసింది. బున్యోద్ ముందు రోజు సాయంత్రం నుంచి నిద్రలోనే ఉన్నాడు. "హాయిగా పడుకున్నాడు, లేపావంటే ఊరుకోను" అంది.

ఆవిడ అటు తిరగ్గానే లేపాను. కళ్లు తెరిచాడు కానీ చూపు నా మీద నిలవలేదు. ఏదో అర్థంకాని మాట గొణిగి నా చెయ్యి కొరికాడు. భళ్లున కక్కుకుని మళ్లీ వాలిపోయాడు. అది నిద్ర కాదు.

"అత్తయ్యా, వాడు నన్ను గుర్తుపట్టలేదు."

"నిన్నెప్పుడు గుర్తుపట్టాడు కనక?"

అరికాలి మంట నెత్తికెక్కింది. వాణ్ని భుజాన వేసుకుని లేచాను. ఆవిడ లాక్కుని పరుపు మీద పడుకోబెట్టి, నన్ను బయటికి తోసి, గదికి తాళమేసి చెవి నడుములో దోపుకుంది. "వాళ్లు దిగారు. వెళ్లి టీ పొయ్యి. మొహం నవ్వుతూ ఉండాలి."

పోశాను. మగపెళ్లివారి పెద్ద, పెళ్లికొడుకు తల్లి కరోమత్, గోడ వైపు పెద్దపీట మీద కూర్చుంది. వంగి సలాం చేసి, టీ మూడుసార్లు గిన్నెలోకి పోసి మళ్లీ కూజాలోకే తిప్పి, మర్యాద ప్రకారం సగం గిన్నె అందించాను. టీ కాస్త ఒలికింది. "కొత్తవాళ్లంటే సిగ్గు" అని అత్త నవ్వింది. కరోమత్ ఒక గుక్క తాగి, "శుభం" అంటూ రెండు చేతుల్లోకి రొట్టె తీసుకుంది. అది విరిగితే మాట ఇచ్చినట్టే, ఇక వెనక్కి తీసుకోరు.

"విరవకండి!" అన్నాను. "ఈ ఇంట్లో కామెర్లున్నాయి. నా కొడుకు వెనక గదిలో స్పృహ లేకుండా పడున్నాడు. తాళంచెవి మా అత్త నడుములో ఉంది."

కరోమత్ రొట్టె కింద పెట్టి రుమాల్లోకి ఉమ్మేసింది. "ఛీ! రోగమున్న గిన్నెలో మాకు టీ పోస్తారా?"

"దీనికి పిచ్చి!" అని అత్త లేచింది. "నా కూతురు బాగుపడుతుంటే దీనికి కళ్లలో నిప్పులు!"

"పిచ్చయితే తలుపు తియ్యండి. వాళ్లే చూస్తారు."

"తియ్యవమ్మా, చూద్దాం" అంది కరోమత్. అంతమంది ముందు తియ్యక తప్పలేదు. గుమ్మంలోంచి చూసి వెనక్కొచ్చి, కరోమత్ రొట్టెను బోర్లా తిప్పి పెట్టేసింది. అంతకంటే పెద్ద తిట్టు మాలో లేదు. పిల్లాణ్ని కారులో ఆస్పత్రిదాకా దింపమని బతిమాలితే, తలగుడ్డ అంచు ముక్కుకి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయారు.

నఫోసత్ నా జుట్టు పట్టుకుంది. "నా బతుకు బుగ్గి చేశావు కదే వదినా!"

"చేశాను. ముందు నీ మేనల్లుణ్ని బతకనీ, తర్వాత తీరిగ్గా కొట్టు" అని విడిపించుకుని, వాణ్నెత్తుకుని రోడ్డెక్కాను. పుచ్చకాయల లారీవాడు ఆపి ఆస్పత్రి దగ్గర దింపాడు.

"కాలేయం బాగా వాచింది. ఆ విషం మెదడుకెక్కుతోంది" అన్నాడు డాక్టరు. "ఇన్నాళ్లూ ఏం చేశారమ్మా?"

"చేపను చూపించాం."

ఆయన సూది గుచ్చి సీసా తగిలించి, "లేచి మనుషుల్ని గుర్తుపడితే గండం గడిచినట్టు. లేకపోతే చెప్పలేను" అన్నాడు. నేను మంచం పట్టె పట్టుకుని కూర్చున్నాను. అల్లాని వేడుకున్నాను, అత్తని శపించాను. ఏది ఎక్కువ చేశానో నాకే తెలియదు.

ఆదివారం సాయంత్రం వాడు కళ్లు తెరిచాడు. నా మొహం వంక చాలాసేపు చూశాడు.

"మవ్‌జుదా" అన్నాడు.

నేను భోరున ఏడ్చేశాను. గుర్తుపట్టాడు! వాడి కాళ్లకీ చేతులకీ ముద్దులు పెట్టాను. వాడు నా తల పక్కకి నెట్టి గుమ్మంవైపు వెతుక్కున్నాడు.

"అమ్మేది? అమ్మని పిలువు."

చంపబోయిన మనిషి కావాలి వీడికి. పిలవనని మొండికేశాను. వాడు ఏడుపు లంకించుకున్నాడు. ఏడిపించకండని నర్సు కసిరింది. ఫోన్ తీశాను.

"వాడు లేచాడు. మిమ్మల్నే అడుగుతున్నాడు."

"నీ మొహం చూడను" అంది అత్త.

"నా మొహం ఎవరు చూడమన్నారు? వాడి మొహం చూడండి."

ఆవిడ ఒక్క పరుగున వచ్చింది. నేను సలాం చెయ్యలేదు, వరండాలోకి వెళ్లి నిలబడ్డాను. "అమ్మా!" అని వాడు లోపల కేరింతలు కొట్టాడు. ఇద్దరికీ చెరో చెంపా వాయించాలనిపించింది. వాడు అలా అరవగలుగుతున్నందుకు అక్కడే గోడవారన కూర్చుని అల్లాకి మొక్కుకున్నాను.