నాలుగు రోజుల బాల్కనీ

పైన బాల్కనీలో పదిమంది ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. వాళ్ల మధ్యలో కటకటాల మీదికి వంగి కిందివాళ్లకి చెయ్యి ఊపుతున్నది తన భార్య రబియా. చూడగానే మన్సూర్ సైకిలు వదిలేసి బాల్కనీ కిందికి పరిగెత్తాడు.

ఆ బాల్కనీ కట్టింది అతనే. గురజాలలో వడ్రంగి. నిరుడు, ఎనభై ఏడులో, టీవీ నాటకం తీయడానికి వచ్చినవాళ్లకి పక్క ఊళ్లో అమరేశ్వరరావు గారి పాత మేడ నచ్చింది గానీ, కథానాయిక నిలబడటానికి బాల్కనీ లేదు. "నాలుగు రోజులు ఒక్క మనిషిని మోస్తే చాలు" అన్నారు. మామిడి చెక్కతో డొల్ల స్తంభాలు చేసి, టేకు జీరలు రంగుతో గీసి ఇచ్చాడు. షూటింగ్ అయ్యాక అమరేశ్వరరావు గారు "పీకించాలా, ఉంచుకోవచ్చా?" అని అడిగారు. తన పనితనం పొయ్యిలోకి పోతుందంటే మన్సూర్‌కి మనసొప్పలేదు. "అచ్చమైన టేకండీ, మీ మనవళ్లు కూడా చూస్తారు" అనేశాడు. ఎంత తేలిగ్గా అన్నాడో మహానుభావుడు!

ఆయన నమ్మి, మేడంతా నాటకంలో ఉన్నట్టే అట్టే పెట్టించారు. ఇప్పుడు ఆదివారమైతే మాచర్ల నుంచీ నరసరావుపేట నుంచీ జనం బస్సులు దిగి చూసిపోతున్నారు. రబియా ఎన్నిసార్లు పోరినా మన్సూర్ ఏదో వంక చెప్పి తప్పించుకుంటూ వచ్చాడు. ఇవాళ పక్కింటి ఆదెమ్మతో కలిసి చెప్పకుండా బస్సెక్కిందని తెలిసి, సైకిలు మీద పడుతూ లేస్తూ వచ్చాడు.

ఎడమ స్తంభం మొదట్లో చెక్క విచ్చుకుంటోంది. గట్టిగా అరిస్తే అందరూ ఒక్కసారిగా గుమ్మం వైపు ఎగబడతారు. కూలడానికి అది చాలు.

"రబియా, గోడకి ఆనుకో. అందర్నీ గోడ వైపు జరగమను. ఒక్కొక్కళ్లే లోపలికి పొండి" అన్నాడు, గొంతు పెంచకుండా.

"ఏందయ్యా నీ గోల? టేకని నువ్వేగా చెప్పింది" అన్నారు అమరేశ్వరరావు గారు, అంతమందిలో. పైనున్న ఆడవాళ్లు నవ్వారు. ఒక్కరూ కదల్లేదు.

"అబద్ధం చెప్పానండీ."

మూలన బరువు మొయ్యని స్తంభం ఒకటుంది, అందానికి పెట్టింది. మన్సూర్ దాన్ని పిడికిలి బిగించి గుద్దాడు. చెక్క పగిలి చెయ్యి మోచేతి దాకా లోపలికి పోయింది. గడ్డీ, పాత పేపర్లూ బయటపడ్డాయి.

నవ్వులు ఆగిపోయాయి. ఒక్కొక్కరే గోడ వెంబడి జరుగుతూ లోపలికి వెళ్లారు. ఎడమ స్తంభం కిర్రుమన్నప్పుడల్లా మన్సూర్ ప్రాణం పోయి వచ్చింది. రబియా అందరికంటే చివర కదిలింది. ఆమె గడప దాటాక అతను అమరేశ్వరరావు గారి ముందుకెళ్లి నిలబడ్డాడు. ఆయన తిట్టిన తిట్లు అన్నీ ఇన్నీ కావు. పడ్డాడు, పడవలసినవే.

సైకిలు టాపు మీద వేసుకుని ఎక్కిన తిరుగు బస్సులో రబియా అతని వేళ్లలో గుచ్చుకున్న చెక్క పేళ్లు ఓపిగ్గా తీసింది. గురజాలలో దిగేముందు అడిగింది:

"మనింటి దూలం కూడా నువ్వేసిందేగా. అదన్నా చేవ కర్రేనా?"

"అల్లా తోడు, చేవ కర్రే" అన్నాడు.

సరేనని తలూపింది. మర్నాడు అతను పని నుంచి వచ్చేసరికి, పిల్లల మంచం దూలం కింద నుంచి వరండాలోకి మారి ఉంది.