మాస్టరుగారింట్లో కొన్న కేకు

“నాన్నా, పాప జ్ఞానస్నానానికి కేకులు రుచి చూడ్డానికి శనివారం వెళ్తున్నాం. నువ్వూ రావాలి,” అంది కూతురు, ఒళ్లో పాపకి పాలసీసా పట్టిస్తూ.

మాస్టరు నవ్వాడు. కూతురు వేళాకోళమాడుతోందనుకున్నాడు. కేకులు పుట్టేదే ఈ ఇంటి కింది అంతస్తులో కదా, రుచి చూడ్డానికి ఎక్కడికో వెళ్లడమేమిటి?

“మెట్లు దిగితే చాలదూ?” అన్నాడు.

“ఇక్కడ కాదు నాన్నా. వంతెన అవతల కొత్త షాపు పెట్టారు చూడు, అక్కడ.”

మాస్టరుకి తల కొట్టేసినట్టయింది.

మాస్టరంటే బళ్లో పాఠాలు చెప్పే మాస్టరు కాదు, బేకరీ మాస్టరు. ఆ వీధిలో ఆయన్ని పేరుపెట్టి పిలిచేవాళ్లెవరూ మిగల్లేదు. ఎవరి పెళ్లయినా, ఏ బిడ్డ జ్ఞానస్నానమైనా, ఏ ముసలాయన పుట్టినరోజైనా కేకు ఆయన చేతిమీదుగా రావలసిందే. చర్చిలో నీళ్లు ఫాదరుగారు పోస్తారు, పక్క హాల్లో తీపి మాస్టరు పెడతాడు. అలాంటి మనిషికి మొట్టమొదటి మనవరాలు పుడితే, ఆ పిల్ల కేకు వేరేవాళ్ల ఓవెన్‌లోంచి రావడమా? పాప కడుపులో ఉన్నప్పటి నుంచే ఆయన కాగితాల మీద బొమ్మలు గీసుకుంటున్నాడు. తెల్లగా మూడంతస్తుల కేకు, పైన పంచదారతో చేసిన బుల్లి బూట్ల జత. ఆ బూట్లకి అచ్చులు కూడా తెప్పించి, భార్యకి చెప్పకుండా బీరువాలో చొక్కాల కింద దాచాడు.

ఎందుకమ్మా అని ఒక్క మాట అడిగితే తేలిపోయేది. అడగడే మహానుభావుడు. అడిగితే పరువు పోతుంది, అడక్కపోతే ప్రాణం పోతుంది. రెంటిలో ఆయనకి పరువే ముద్దు. “సరే,” అన్నాడు. ఆ సరే ఎంత పుల్లగా ఉందంటే, పాప కూడా సీసా వదిలేసి తాత మొహం వంక చూసింది.

కూతురు వెళ్లాక, భార్య ఉతికిన దుప్పట్లు మడతపెడుతుంటే పక్కన చేరాడు.

“నీకు ముందే తెలుసా?”

“తెలుసు.”

“ఏం చెప్పింది?”

“మిమ్మల్ని తీసుకెళ్లి తినిపిస్తానంది. మీరు నోటికి తాళమేసుకుని తినండి. అక్కడికెళ్లి కోడిగుడ్డుకి ఈకలు పీకకండి.”

“పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని పెద్దవాళ్లు ఊరికే అన్నారా?” అన్నాడు మాస్టరు.

“చెట్టు పెరట్లో ఉంటే కదండీ,” అంది ఆవిడ దుప్పటి దులుపుతూ. “ఆ చివర పట్టుకోండి.”

ఆయనకి అర్థం కాలేదు. అయినా అర్థమైనట్టు మొహం పెట్టి, ఆ చివర పట్టుకున్నాడు.

శనివారం వచ్చింది. కొత్త షాపులో గుండ్రటి బల్ల, తెల్ల గుడ్డ, మనిషికో చిన్న ఫోర్కు. మాస్టరు జన్మలో కౌంటరుకి ఇవతల కూర్చోలేదు. కూర్చుంటే వీపు ఎక్కడ ఆనించాలో తెలియలేదు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ షాపు నడిపే అమ్మాయి తలకి రుమాలు కట్టుకుని ఒక్కొక్క ప్లేటే తెచ్చి పెడుతోంది. ఆయనెవరో ఆ అమ్మాయికి తెలియదు. అల్లుడు మాత్రం వచ్చిన ప్లేటునల్లా “ఇదే బాగుంది” అంటున్నాడు. అల్లుడి నాలుక్కి ఎవరి మీదా పగ లేదు. పెట్టినవాళ్లందరూ దాని స్నేహితులే.

మొదట చాక్లెట్ కేకు వచ్చింది. తేమగా ఉంది. ఏదో ఒక వంక దొరక్కపోతుందా అని మాస్టరు ముక్కని తిప్పి అడుగు చూశాడు. అడుగు మాడలేదు. పళ్ల ముక్కలు పేర్చిన టార్ట్ వచ్చింది. పళ్ల రసం దిగి పెంకు మెత్తబడి ఉండాలి, చచ్చినట్టు మెత్తబడాలి అనుకుంటూ ఫోర్కుతో నొక్కాడు. కరకరమని విరిగింది. కారమెల్ కస్టర్డ్ వస్తే, ఇక్కడ దొరుకుతావులే అని చెంచాతో అడ్డంగా కోసి, కంటి దగ్గర పెట్టుకుని చూశాడు. మంట ఎక్కువైతే కస్టర్డ్‌లో బుడగలు పడతాయి. ఇందులో వెతికినా ఒక్క బుడగ లేదు. తాడిని తన్నేవాడుంటే వాడి తల దన్నేవాడుంటాడని ఊరందరికీ చెప్పడమే గాని, ఆ తల తనదైనప్పుడు ఎలా ఉంటుందో ఆయనకి ఆ పూటే తెలిసింది.

చివర్న నిమ్మకాయ కేకు. అది నోట్లో పెట్టుకున్నాక ఆయన ఫోర్కు కింద పెట్టేశాడు.

“ఏది బాగుంది నాన్నా?” అంది కూతురు. మామూలుగానే అడిగింది గాని, కళ్లు ఆయన మొహం మీద నుంచి కదల్లేదు.

అబద్ధమాడొచ్చు. ఆడాలనే ఉంది. కానీ నోట్లో ఉన్న కేకు విషయంలో అబద్ధమాడటం ఆ మనిషికి చేతకాదు.

“నిమ్మకాయది,” అన్నాడు నేలచూపులు చూస్తూ.

కూతురి మొహం వెలిగిపోయింది. వెంటనే ఆ అమ్మాయి వైపు తిరిగి, తెల్లటి క్రీమ్ చాలని, పువ్వులొద్దని, పైన పాప పేరొక్కటే రాయాలని చెప్పడం మొదలుపెట్టింది. పేరు అక్షరమక్షరం చెప్పింది, మళ్లీ చెప్పింది, ఎంత పెద్దగా రాయాలో గాల్లో వేలితో గీసి చూపించింది. అది చూస్తుంటే మాస్టరు గుండె కలుక్కుమంది. ఎందుకు ఇక్కడికొచ్చిందో తెలిసిపోయిందనుకున్నాడు.

వాళ్లింట్లో ఒక పద్ధతుంది. పెళ్లీ జ్ఞానస్నానం తప్పిస్తే ఇంటివాళ్ల కోసం ఓవెన్ వెలిగించకూడదు. ఓవెన్ ఉన్నది గిరాకీకోసం. ఇంట్లోవాళ్లకి మిగిలినవి, విరిగినవి, ఎవరో ఆర్డరు చెప్పి తీసుకెళ్లనివి. కూతురి పుట్టినరోజు కేకు మీద ప్రతిసారీ ఇంకెవరి పేరో ఉండేది. ఆయన కత్తితో ఆ పేరు గీకేసి, క్రీమ్ పూసి, దాని మీద కూతురి పేరు రాసేవాడు. కింద పాత పేరు రంగు లీలగా కనబడుతూనే ఉండేది. ఏదీ పారెయ్యని ఇల్లని గొప్పగా చెప్పుకునేవాడు కూడా.

అక్కడ కూర్చోలేకపోయాడు. ఏం చేస్తున్నాడో ఆయనకే తెలియదు. ఖాళీ ప్లేట్లన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి, ఫోర్కులు పైన పెట్టి, గుడ్డ మీది పొడి అరచేత్తో ఊడ్చి, కౌంటరు పక్క తలుపు తోసుకుని సరాసరి వాళ్ల వంటగదిలోకి నడిచాడు. ప్లేట్లు సింకులో పెట్టాడు. చొక్కా చేతులు పైకి మడిచాడు. కుళాయి తిప్పాడు.

“అంకుల్,” అంది వెనకాలే వచ్చిన రుమాలమ్మాయి కంగారుగా, “చేతులు కడుక్కోవడానికి ఆ పక్కనండీ.”

“చేతులు కాదమ్మా, ప్లేట్లు,” అన్నాడు మాస్టరు, అదేదో న్యాయమైన సమాధానమైనట్టు.

పాపని భుజాన వేసుకుని కూతురు కూడా వచ్చింది. ఆయన్నీ, సబ్బు నురగనీ చూసి నవ్వబోయి, నవ్వలేకపోయింది.

“చూశావా నాన్నా? ఇక్కడికి తీసుకొచ్చినా వంటగదిలోనే తేలావు. నా భయమే ఇది.”

“నాకు తెలుసులేమ్మా,” అన్నాడు మాస్టరు ప్లేటు రుద్దుతూ. “చిన్నప్పుడు నీకు ఎవరెవరి పేర్లో గీకేసిన కేకులు పెట్టాను. నీ కూతురికైనా సొంత కేకు ఉండాలనుకున్నావు. తప్పు నాదే.”

“ఏంటీ?” అంది కూతురు. ఈసారి నిజంగానే నవ్వొచ్చింది. “వాటి గురించి అనుకుంటున్నావా? ఆ కేకులు నాకెంత ఇష్టమో తెలుసా? కింద ఎవరి పేరుందో కనిపెట్టాలని నేనూ అమ్మా పందెం కాసేవాళ్లం. మా నాన్న చేతి కేకు మా ఇంట్లో రోజూ ఉంటుందని బళ్లో అందరి దగ్గరా గొప్పలు పోయేదాన్ని. ఇప్పటికీ పోతాను.”

“మరి?”

కూతురు పాపని ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది.

“నా పెళ్లప్పుడు చర్చిలో నన్ను చెయ్యి పట్టుకుని ముందుదాకా తీసుకొచ్చావు. అక్కడ వదిలిపెట్టి ఎక్కడికెళ్లావు నాన్నా?”

మాస్టరు చెయ్యి ప్లేటు మీద ఆగింది. ఎక్కడికెళ్లాడో ఆయనకి బాగా తెలుసు. ఆ రోజు గాలిలో తేమ ఎక్కువ. హాల్లో కేకు మీద పంచదార గులాబీలు వాలిపోతున్నాయి. పెళ్లికి వచ్చినవాళ్లందరూ కేకు చూస్తారు. ఒక్క క్షణమే కదా అని వెనక తలుపులోంచి జారుకుని, ఒక్కో రేకూ మళ్లీ నిలబెట్టాడు. తిరిగొచ్చేసరికి అందరూ లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు.

“పెళ్లి ప్రమాణం చేసేముందు వెనక్కి తిరిగి చూశాను,” అంది కూతురు. “అమ్మ పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. నీ కేకు గురించి జనం ఇప్పటికీ చెప్పుకుంటారు నాన్నా. వింటుంటే నాకు గర్వంగానే ఉంటుంది. కానీ నాకు ఆ కుర్చీయే గుర్తొస్తుంది.”

“ఈసారి ముందు రోజే అంతా పూర్తి చేసేస్తాను,” అన్నాడు మాస్టరు చిన్నగా.

“అప్పుడూ అదే అన్నావు.”

అన్నాడు. నిజమే.

“ఎన్ని షాపులు తిరిగానో నీ అల్లుణ్ని అడుగు. ఏదో ఒక కేకు కావాలంటే మొదటి షాపులోనే కొనేసేదాన్ని. నువ్వు వంక పెట్టలేని కేకు కావాలి నాకు. లేకపోతే అక్కడ కూర్చుని కూడా దాని గురించే కొట్టుకుంటావు. ఇవాళ నువ్వు ఫోర్కు కింద పెట్టగానే దొరికిందనుకున్నాను.” కూతురు పాప వీపు నిమిరింది. “పాపకి తాతయ్య చేసిన కేకు తర్వాత బోలెడన్ని ఉంటాయి. ఆ రోజుకి మాత్రం నాకు తాతయ్యే కావాలి.”

మాస్టరు కుళాయి కట్టేశాడు. తన చేతి పనికి ఇంతకంటే పెద్ద మెప్పు ఆయన ఎన్నడూ వినలేదు. ఇంతకంటే పెద్ద దెబ్బా తినలేదు. రెండూ ఒకే నోటినుంచి వచ్చాయి, ఆ నోరు తన కూతురిది. గుమ్మం దగ్గర రుమాలమ్మాయి ఎటు చూడాలో తెలియక ఓవెన్ వంక చూస్తోంది.

“ఆర్డరు రాసుకో అమ్మా,” అన్నాడు ఆ అమ్మాయితో, చేతులు తుడుచుకుంటూ. “నిమ్మకాయ కేకు, మా అమ్మాయి చెప్పినట్టే. కస్టర్డ్ కూడా పెట్టు. ఇంత నున్నటి కస్టర్డ్ చేసే చెయ్యి ఈ ఊళ్లో ఇంకొకటుందని నాకు తెలియలేదు.”

పై వారం ఆదివారం, జ్ఞానస్నానం రోజున, చర్చిలో మొదటి వరసలో, భార్య పక్కన కూర్చున్నాడు మాస్టరు. ఇస్త్రీ చొక్కా బిగుతుగా ఉంది. ఆవిడ ఆయన మోచెయ్యి పట్టుకునే ఉంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి అంత తేలిగ్గా పోదని ఆవిడకి తెలియదూ?

పాట సగంలో ఉండగా బయట వ్యాను ఆగింది. వెనక తలుపు తెరుచుకుంది. ట్రే ఈడుస్తున్న చప్పుడు. ఆ చప్పుడు ఆయనకి తన ఊపిరంత తెలిసినది. ఒక పక్క ఎత్తుగా పట్టుకున్నారు, అలా పట్టుకుంటే కేకు జారుతుంది. మోకాళ్లు వాటంతటవే లేవబోయాయి. ఆవిడ మోచెయ్యి మీద పట్టు వదిలేసింది. అదేమిటని ఆయన ఆశ్చర్యపోయాడు. వెళ్తావో ఉంటావో నీ ఇష్టమన్నట్టుంది ఆ వదలడం.

జారితే జారనీ అనుకున్నాడు మాస్టరు. అనుకుని, వీపుని కుర్చీకి పూర్తిగా ఆనించాడు.

అంతలో ముందు నిలబడ్డ కూతురు వెనక్కి తిరిగి చూసింది. కుర్చీలో ఉన్న మనిషిని చూసి, చెయ్యి ఊపి పిలిచింది. ఆయన వెళ్లాడు. పాపని ఆయన చేతుల్లో పెట్టింది. ఇంత పెద్ద కేకుల్ని తొణక్కుండా మోసిన మనిషి ఆ చిన్న బరువుని ఎటు పట్టుకోవాలో తెలియక రెండుసార్లు సర్దుకున్నాడు. ఫాదరుగారు నీళ్లు పోశారు. పాప కెవ్వుమంది. పైకప్పు అదిరేలా ఏడుస్తుంటే, అబ్బ, ఏం గొంతు నా మనవరాలిదని మాస్టరు చుట్టూ అందరినీ చూశాడు. కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఆయన తుడుచుకోవాలని కూడా అనుకోలేదు.

తర్వాత హాల్లో కేకు కోశారు. అది ఎక్కడా జారలేదు. మాస్టరు కుర్చీలో కూర్చుని, ఒళ్లో పాపని పడుకోబెట్టుకుని, ఎవరో తెచ్చిచ్చిన ముక్క తింటున్నాడు. పాత గిరాకీ ఒకాయన మూతికి క్రీమ్ అంటించుకుని వచ్చాడు.

“అదరగొట్టావు మాస్టరూ. నీ చేతి కేకుల్లో ఇదే మేలు. ఇందులో ఏం కలిపావు?”

“నేను చెయ్యలేదండీ.”

“నువ్వు చెయ్యలేదా? మరి పొద్దుట్నుంచీ ఏం చేస్తున్నావు?”

“నేను పాప తాతయ్యనండీ,” అన్నాడు మాస్టరు.